నీ ఓడ రూలు

మావా,

ఆయిల్ ట్యాంకర్ల మీద పనిచేసి, ఆ ఓడ రూలు మన తిరువొత్తియూరు ఇంటికీ తెచ్చావు. గ్యాస్ సిలిండర్ మార్చాలంటే చుట్టాలందరూ అగ్గిపెట్టెలూ ఫోన్లూ గుమ్మం బయట పెట్టాల్సిందే. ఎంత నవ్వేవాళ్లం!

మన అమ్మాయిప్పుడు ఓడల ఇన్‌స్పెక్టరు. నిన్న మొదటిసారి ట్యాంకరెక్కి, జేబులో లైటరుతో ఎదురొచ్చిన కెప్టెన్‌నే వెనక్కి పంపిందట.

ఇవాళ నీ సంవత్సరీకం. వడలు వేస్తుంటే గ్యాస్ అయిపోయింది. కొత్త సిలిండర్ దొర్లించుకొస్తూ అమ్మాయి నీ ఫోటో ముందున్న దీపం వైపు చూసింది.

"అమ్మా, ఆడ దీపం ఆర్పు."

"నాయినకు పెట్టింది పాపా!"

"నాయినుంటే ముందు దాన్నే ఆర్పేవాడు."

నిజమే మావా. నీ దీపం కొండెక్కించి, ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. వడలయ్యాకే మళ్లీ వెలిగించాను.