'గట్టు మీద మాటలు' ఎందుకు ఆపేశారు?

లాకుల వీధి, ఎల్లర్‌జీల్
7 అక్టోబరు 1974

'ఎల్లర్‌జీల్ దూత' సంపాదకులు లామెర్ట్ వుబ్బెన్‌హోర్స్ట్ గారికి,

అయ్యా, తమరు కులాసాగా ఉన్నారనుకుంటాను. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా అలాగే ఉండండి.

నా చూపు చిన్నప్పటినుంచీ మందం. అందుకే ఇంతింత అక్షరాలు. కాగితానికి నాలుగు ముక్కలే పడుతున్నాయి. కవరు బరువు చూసి కానుక అనుకునేరు, లోపల ఉన్నది కోపమే.

మా ఆయన హిన్నెర్క్ కాలువ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మొన్న ఆగస్టులో ఒక పడవకి లాకు తలుపులు తీస్తూ తీస్తూ కూలిపోయాడు. ఆ పడవవాళ్ళే ఇంటికి మోసుకొచ్చారు. ఇరవై మూడేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున నేను టీ కాచి, కప్పులో పటికబెల్లం ముక్క వేస్తే, ఆయన మీ పత్రిక తెరిచి 'గట్టు మీద మాటలు' చదివి వినిపించేవాడు. ఇప్పుడు పక్కింటి మేటా చదువుతోంది. ముందు చావు కబుర్లు చదువుతుంది. తర్వాత సాసేజీల కొట్టు ప్రకటన చదువుతుంది. "అంతే తొమ్మా, ఇంకేం లేదు" అని కళ్ళజోడు మడిచేస్తుంది.

మేటాయే ఎగ్గొడుతోందనుకుని ఒట్టు పెట్టించాను. లేదట. అంటే మీరే ఆపేశారన్నమాట. పాలకేంద్రం గుమస్తా ఫొక్కో, పడవ నడిపే గేషెని "నన్ను పెళ్ళాడతావా" అని అడగడానికి ఇరవై మూడేళ్ళుగా తంటాలు పడుతున్నాడు. చివరి శనివారం నాడు పడవ ఎక్కాడు, టోపీ తీశాడు, నోరు తెరిచాడు. అక్కడితో 'మిగతాది వచ్చే వారం' అన్నారు. మనిషిని నోరు తెరిపించి రెండు నెలలు అలా వదిలేస్తారా? ఈగలు దూరవూ?

జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న,
తొమ్మా ఫ్రెరిక్స్

తా.క. సరిగ్గా రసపట్టులో మీ సిరా అలుక్కుపోతుంది. "ఉండు తొమ్మా, ఇక్కడ అచ్చు సరిగ్గా పడలేదు" అని మా ఆయన ఎంతసేపు అవస్థపడేవాడో! యంత్రం బాగు చేయించండి.


'దూత' కార్యాలయం
11 అక్టోబరు

శ్రీమతి ఫ్రెరిక్స్ గారికి సవినయంగా,

మీ భర్తగారి మరణానికి మా సంస్థ తరఫున, మా కుటుంబం తరఫున సంతాపం. మాకు ఆ రెండూ ఒకటే.

మా తాతగారు పెట్టిన ఈ దినపత్రికకి నేను పదకొండేళ్ళుగా సంపాదకుణ్ణి. 'గట్టు మీద మాటలు' అనే శీర్షిక మేం వేసినట్టు నాకు గుర్తులేదు. బహుశా అది మా మాసపత్రిక 'పెరడూ పొయ్యీ'లో వచ్చి ఉంటుంది. దాన్ని మా చెల్లెలు వీబ్కె చూసుకుంటుంది. ఆవిడ గది మా వసారాకి అటు చివర. మేమిద్దరం మాట్లాడుకోం కనక, దయచేసి మీరే ఆవిడకి వేరే ఉత్తరం రాయగలరు.

భవదీయుడు,
లామెర్ట్ వుబ్బెన్‌హోర్స్ట్

తా.క. సిరా మాట విని మా ఫోర్‌మన్ మనసు కష్టపెట్టుకున్నాడు. రెండు రోజులుగా యంత్రం తుడుస్తూనే ఉన్నాడు. నిన్నటి పత్రిక ఆలస్యంగా వచ్చింది అందుకే.


లాకుల వీధి
15 అక్టోబరు

సంపాదకుడు గారికి,

మాసపత్రిక నెలకొక్కసారి వస్తుంది నాయనా. నెలకి శనివారాలు నాలుగు. చూపు మందమే గానీ వేళ్ళు పదీ ఉన్నాయి నాకు.

మీ ఉత్తరం మేటా చదివింది. ఆవిడకి చదివేటప్పుడు మధ్యమధ్యలో తన మాటలు కలిపే అలవాటు. ఏది మీరన్నదో, ఏది మేటా అన్నదో నాకు విడదీయడం రాలేదు. "ఈ ముసలిదానికి మతి చలించింది" అన్నది మీరేనా? మీరే అయితే మీ నాన్నగారు బతికుండగా అలాంటి మాట రాసేవారు కాదు. మేటా అయితే అది వేరే సంగతి, నేను చూసుకుంటాను.

మీకు గుర్తులేదంటున్నారే, ఫొక్కో గులాబీలు పట్టుకెళ్తే గేషె పడవలో మేక నమిలేసిన వారం గుర్తులేదా? ఉత్తరం రాసి పొరపాటున పాల బిల్లుల్లో పెట్టేస్తే, అది అందుకున్న పాస్టరుగారి భార్య వారంరోజులు అద్దం ముందే నిలబడిపోయిన వారం? నవ్వలేక టీ ముక్కులోకి పోయింది నాకు. మీ పత్రికలో ఏం వేస్తున్నారో మీకే తెలియకపోతే ఇక మాబోటి వాళ్ళం ఎవరిని అడగాలి?

అన్నట్టు, సొంత చెల్లెలితో మాట్లాడకపోవడం ఏమిటి? ఏమంత కొంపలు మునిగాయి?

తొమ్మా ఫ్రెరిక్స్

తా.క. మా వీధిలో ఏడిళ్ళకి మీ పత్రిక వస్తుంది. ఏడిళ్ళ వాళ్ళకీ నేనంటే భయం.


'దూత' కార్యాలయం
24 అక్టోబరు

గౌరవనీయులైన తొమ్మా ఫ్రెరిక్స్ గారికి,

మతి మాట నాది కాదు. నా మీద ఒట్టు. మళ్ళీ ఇలాంటిది జరక్కుండా ఈ ఉత్తరాన్ని పెద్ద వార్తలకి వాడే అక్షరాలతో కూర్పించాను. చివరిసారి అవి పెట్టెలోంచి తీసింది గట్టు తెగి వరదొచ్చినప్పుడు. పోస్టుమాన్ చుట్ట చుట్టి తెస్తాడు, బల్ల మీద పరుచుకుని మీరే చదువుకోండి.

ఇక్కడ పరిస్థితి చేయి దాటింది. మా ప్రూఫులు దిద్దే ముసలాయన్ని అడిగాను. "ఎందుకు గుర్తులేదండీ, ప్రతి వారం నేనే దిద్దేవాణ్ణి" అన్నాడు. "మరి ఎప్పుడు ఆగింది?" అంటే, "ఆగిందా?" అన్నాడు. ఫోర్‌మన్ని అడిగితే, "ఆ మేక బొమ్మ నేనే పెట్టానండీ" అన్నాడు. సరే, పాఠకుల్నే అడుగుదామని పత్రికలో మూడు వరుసల ప్రకటన వేశాను: 'గట్టు మీద మాటలు ఎవరికైనా గుర్తుందా?' నలభై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. అందరికీ గుర్తుందట! పన్నెండు మంది ఈ మధ్య అందులో పస తగ్గిందన్నారు. ఒకాయన అందులో తన కుటుంబాన్ని వెక్కిరించారని, క్షమాపణ కావాలని రాశాడు.

ఆ ప్రకటన చూసి వీబ్కె నా గదిలోకి దూసుకొచ్చింది. "నువ్వే ఆపేసి ఉంటావు! నవ్వొచ్చేదేదీ నీకు గిట్టదు" అంది. "నువ్వే నీ మాసపత్రికకి లాక్కుపోదామని చూసుంటావు" అన్నాను. ఆరేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాన్న పోయాక ఆయన రాతబల్ల ఎవరి గదిలో ఉండాలా అని గొడవ. నేను ఇటు లాగాను, తను అటు లాగింది. బల్ల వసారా మధ్యలో ఇరుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. అందరూ పక్కకి ఒరిగి నడుస్తారు.

వినయంగా,
లామెర్ట్ వుబ్బెన్‌హోర్స్ట్

తా.క. పడవలో ఫొక్కో ఏమన్నాడని కూడా ఆ నలభై ఒక్కరినీ అడిగాను. "పడవ కిరాయి ఎంత?" అన్నాడని తొమ్మిది మంది ఖాయంగా చెబుతున్నారు.


లాకుల వీధి
29 అక్టోబరు

లామెర్ట్ నాయనా,

మీ ఉత్తరం బల్ల మీద పట్టలేదు. నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ చదువుకున్నాను. మేటా కిటికీలోంచి చూసి నాకు ఏదో అయిందనుకుని డాక్టరుని పిలిపించింది. ఆయన వచ్చి, "ఇటు చివర ఏముందో నేను చదువుతాలెండి" అని తనూ కూర్చున్నాడు.

ఆ నలభై ఒక్కరి సంగతి వదిలెయ్యండి. వాళ్ళకేం తెలుసు. ఫొక్కో పడవ కిరాయి అడిగే మనిషి కాడు.

ఒక్క మాట చెబుతాను, ఎగతాళి చెయ్యకండి. వారంలో ఆరు రోజులు ఎలాగో గడిచిపోతున్నాయి. బట్టలుంటాయి, కోళ్ళుంటాయి, మేటా ఉండనే ఉంది. శనివారం మాత్రం చెయ్యి దానంతటదే రెండు కప్పులు తీస్తుంది. రెండో కప్పు తిరిగి పెట్టెయ్యడానికి నాకు మనసు రాదు. టీ పోస్తాను. పటికబెల్లం చిటుక్కుమని పగులుతుంది. ఆ చిటుక్కు వినగానే ఆయన గొంతు సవరించుకునేవాడు. ఇప్పుడు చిటుక్కు అవుతుంది, ఆ తర్వాత ఏమీ లేదు.

మీ ఇంట్లో పాత పత్రికలన్నీ బైండు చేసి దాస్తారని విన్నాను. ఒక్కసారి పూర్తిగా వెతికించండి. గదుల్లో, పెట్టెల్లో, సొరుగుల్లో. ఒక్క వారందైనా దొరికితే చాలు. అచ్చు పడ్డదైనా సరే, పడనిదైనా సరే.

తొమ్మా

తా.క. ఆ బల్లని రెండుగా కోయించడం ఎవరికీ తట్టలేదా?


'దూత' కార్యాలయం
12 నవంబరు

ప్రియమైన తొమ్మాగారికి,

ఇది మేటా చేతిలో పడకూడదని మళ్ళీ పెద్ద అక్షరాలే వాడాను. ఈసారి మా ఫోర్‌మన్ని కూడా దగ్గరకి రానివ్వలేదు. నేను, వీబ్కె కూర్చుని ఒక్కో అక్షరం పేర్చాం. తప్పులుంటే అవి తనవి. (కావు, అన్నయ్యవి. వీబ్కె.)

మేమిద్దరం నేలమాళిగలోకి దిగి ఇరవై మూడేళ్ళ పత్రికలు తిరగేశాం. పన్నెండు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులూ మాట్లాడుకోలేదు. మూడో రోజు, మా చిన్నప్పుడు నాన్న వేసిన ఒక ఫోటో కనబడింది, స్కూలు నాటకంలో వీబ్కె గుమ్మడికాయ వేషం. ఆ తర్వాత నోళ్ళు మూతపడలేదు.

కానీ 'గట్టు మీద మాటలు' ఎక్కడా లేదు. ఒక్క శనివారం కూడా లేదు.

ఆఖరికి మీరన్నట్టు సొరుగులు కూడా చూద్దామని వసారాలోని బల్ల తెరిచాం. ఆరేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు దాన్ని. అడుగు సొరుగులో నాన్న తిప్పి పంపాలనుకుని పంపని కాగితాలున్నాయి. వాటిలో ఒక చేతిరాత కాగితం. 1951 మార్చి. పైన 'గట్టు మీద మాటలు'. కింద 'హిన్నెర్క్ ఫ్రెరిక్స్, లాకుల దగ్గర.' దానికి నాన్న రాసిన జవాబు నకలు గుచ్చి ఉంది: "సరదాగా ఉంది. కానీ మా దగ్గర చోటు లేదు. పైగా ఈ ఫొక్కో ఎప్పటికీ నోరు విప్పడని పాఠకులకి మొదటి వారమే తెలిసిపోతుంది. మన్నించండి."

తొమ్మాగారూ, సిరా అలుక్కుపోయేది కాదు. ఆయన ఆలోచించుకోవడానికి ఆగేవారు. అచ్చు వేస్తామని ముందే ఆశపడి, మా నాన్న కాదనేసరికి ఆ మాట మీతో చెప్పలేక, ఖాళీ చోటు చూసి చదివేశారేమో. ఆ తర్వాత ప్రతి శనివారం కొత్తది అల్లక తప్పలేదు. ఈ నిజం మా చేతుల మీదుగా మీకు తెలియడం నాకు బాధగా ఉంది.

మా నాన్న చేసిన పొరపాటు మేం దిద్దుతాం. ఈ శనివారం మొదటి పేజీలో, మీ భర్తగారి ఫోటోతో వేస్తాం. అనుమతి ఇవ్వండి.

మీ,
లామెర్ట్, వీబ్కె

తా.క. బల్ల ఇక ఎవరి గదిలోకీ వెళ్ళదు. మా ఇద్దరి కుర్చీలే వసారాలోకి వచ్చాయి. సిబ్బంది ఇప్పుడు ఇంకా ఎక్కువ ఒరిగి నడవాల్సి వస్తోంది.


లాకుల వీధి
15 నవంబరు

నాయనా లామెర్ట్, అమ్మా వీబ్కె,

బాధపడకండి. నాకు తెలుసు.

రెండో ఏడాదే తెలిసింది. చేపల కొట్లో వరుసలో నిలబడి, "ఈ వారం ఫొక్కో కాలవలో పడ్డాడు చూశారా!" అన్నాను. వరసంతా నన్ను కోడి మాట్లాడినట్టు చూసింది. "ఏ ఫొక్కో?" అన్నారు. "అబ్బే, వేరే పత్రికలే" అనేసి చేపలు కూడా తీసుకోకుండా వచ్చేశాను. దారంతా కోపంతో ఊగిపోయాను. ఇంటికొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని తనలో తను ఏదో గొణుక్కుంటూ నవ్వుకుంటున్నాడు. "ఏమిటి?" అన్నాను. "ఏం లేదు" అన్నాడు. రెండు రోజుల్లో శనివారం. ఆ శనివారమే గులాబీల్ని మేక తినేసింది. ఇక ఏం అడగను? అడిగితే ఆపేస్తాడు. ఇరవై ఒక్క ఏళ్ళు అడగలేదు. అచ్చు పడలేదని ఆయన ఆగినప్పుడల్లా మిమ్మల్ని ఆయన ఎదుటే తిట్టేదాన్ని, తీరిగ్గా ఆలోచించుకుంటాడని.

మీకు అబద్ధం చెప్పినందుకు మన్నించండి. "పోయిన నా మొగుడు ఉత్తుత్తి కథలు చెప్పేవాడు, మీకేమైనా పంపాడా?" అని రాస్తే, రెండు ముక్కల్లో విచారం తెలిపి ఊరుకునేవారు. చందాదారు తిడితే నేలమాళిగ దాకా దిగుతారని అలా రాశాను. ఎప్పుడో ఒకసారి ఆయన మీకు ఏదైనా పంపి ఉంటాడేమోనని నా ఆశ. ఆయన చేతిరాత ఇంట్లో లాకుల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు, అందులో అన్నీ పడవల పేర్లే.

ఎందుకు మొదలెట్టాడో మాత్రం నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇప్పుడు మీ నాన్నగారి ఉత్తరం చూస్తే తెలిసింది. చిన్నబోయి ఇంటికొచ్చి, ఎదురుగా నేను టీ పోస్తుంటే, పాపం, పత్రిక తెరిచాడన్నమాట.

మీ నాన్నగారి మీద నాకు కోపం లేదు. ఆయన అచ్చు వేసి ఉంటే ఫొక్కో ఊరందరివాడూ అయిపోయేవాడు. కాదనబట్టి, వెయ్యికి పైగా శనివారాలు ఒక మనిషి నా ఒక్కదాని కోసం రాశాడు. ఇప్పుడు మీరు మొదటి పేజీలో వేసి దాన్ని నలుగురికీ పంచకండి. ఆ కాగితం నాకు పంపెయ్యండి. మేటాకి కూడా చూపించను.

ఉంటాను,
తొమ్మా

తా.క. చందా మాత్రం ఆపకండి. శనివారం పత్రిక రావాలి. మడత విప్పి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పేజీ తిప్పుతాను. చదవలేననుకోండి. ఆ చప్పుడు కావాలి నాకు.