సంచికి వదులు పనికిరాదు

బల్ల మీదున్న పాత అట్ట కొలత పారేయండి. డాక్టర్లు నా కడుపు మీద తెరిచిన పేగు నోరు వాపు తగ్గి చిన్నదైంది. మీరింకా ఆస్పత్రిలో ఇచ్చిన కొలతకే, మలం పట్టే సంచిని ఒంటికి అంటించే అతుకులో కన్నం కత్తిరిస్తున్నారు. పైగా దర్జీ మొగుడి చెయ్యి కదా, కుట్టుకు వదిలినట్టు చుట్టూ వదులు వదిలారు. ఆ సందులోంచి మలం కారి చర్మం మండిపోయింది. ఈ పొద్దున నేనే కొలుచుకుని, బియ్యపుగింజ మందం మాత్రం ఎడమిచ్చి కత్తిరించాను. చర్మం పొడిగా తుడిచి, అతుకును అరచేతుల మధ్య వెచ్చబెట్టి అంటించాను. చుక్క కారలేదు. కొత్త అట్ట కత్తెర కింద ఉంది. ఇకమీదట కొలిచాకే కత్తెర పట్టండి.

నేను మేనకోడలి పెళ్లికి క్లాటెన్ బస్సెక్కుతున్నాను. "సంచి తగిలించుకుని పెళ్లికా, నలుగురూ ఏమనుకుంటారే" అంది మీ అక్క పైనెమ్. మీరు ఆ మాట విని గుడ్డ కత్తిరించడం మొదలెట్టారు. ఏమనుకుంటారో వెళ్లి నేనే కనుక్కుంటాను. టెంపే సోయా ముక్కలు వేయించి మూత పెట్టాను, తినండి.

లస్మినీ

సంచి కనబడకూడదని మీరు కుట్టిన గోనెసంచి లాంటి కెబాయా రవిక కుర్చీ మీదే వదిలేశాను. దాని నడుం నా కొలతకు పట్టి కుట్టి, మీరు వచ్చేటప్పుడు తీసుకురండి. రేపు విందుకు మీ పక్కన అదే తొడుక్కుని కూర్చుంటాను.