చెప్పులకు ఎర్ర ట్యాగు

చందాపుర,
మార్చి 9

మా కదిరక్కకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానంటే ఏదో ఉందని నీకు అర్థమై ఉంటుంది. మాకు ఉండేది ఒకటే గది. మాట్లాడితే అత్త వింటుంది, మా ఆయన మునీంద్ర వింటాడు. పైగా ఫోన్లో అయితే సగంలోనే నువ్వు ఏడుపు మొదలుపెడతావు. రాస్తే చివరిదాకా చదువుతావు.

నా కుడి మడమ ఎనిమిది నెలలుగా నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద కాలు పెట్టినట్టే ఉంటుంది. పది పన్నెండు అడుగులు వేశాక తగ్గుతుంది. మధ్యాహ్నం రెండు దాటితే మళ్లీ మొదలు. అందుకే అందరికంటే ముందు లేచి, ఆ పది అడుగులూ గోడ పట్టుకుని ఎవరూ చూడకుండా నడిచేస్తాను. కంపెనీలో కుంటకుండా నడవడం నేర్చుకున్నాను.

ఎందుకు దాస్తున్నావని అడుగుతావు. ఎలక్ట్రానిక్ సిటీలో పదకొండేళ్లుగా నా పని సర్క్యూట్ బోర్డులు తనిఖీ చేయడం. ఎనిమిది గంటలూ నిలబడే చేయాలి. రెండేళ్ల కింద ఒకామె మోకాలు నొప్పి అని చెప్పింది. ఆమెను ప్యాకింగుకు మార్చారు. ఆర్నెల్లకు మానేసింది. వెంట్రుకంత పగులు కూడా రంజిత కంటికి తప్పదని మా లైనులో అంటారు. పదో తరగతితో ఆగిపోయిన నాకు చేతికొచ్చిన విద్య ఇదొక్కటే. ప్యాకింగులో అట్టపెట్టెలకు టేపు అంటించాలి, అంతే.

వైద్యం చేయించుకోలేదని అనుకోవద్దు. ఓవర్‌టైమ్ అని ఇంట్లో చెప్పి ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. మొదటాయన మాత్రలిచ్చాడు. సర్జాపుర రోడ్డులో రెండో ఆయన ఎక్స్‌రే తీసి, ఎముకకు ముల్లు పెరిగిందని చెప్పి మడమలో సూది వేశాడు. ఆరు వారాలు హాయిగా ఉండింది. ఏడో వారం నొప్పి మళ్లీ వచ్చింది. మూడో ఆయన ఆపరేషన్ మాట ఎత్తాడు. ముగ్గురూ నా చెప్పులు చూసి బాగున్నాయనే అన్నారు. వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి తొక్కడం కూడా అయింది. అదెందుకని అత్త అడిగితే జలుబుకని చెప్పాను.

రాజీనామా రాసి పెట్టుకున్నాను. నెలాఖరున ఇస్తాను. నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ చెల్లెలు
రంజిత


చందాపుర,
ఏప్రిల్ 4

అక్కా,

నీ జవాబు అందింది. “మడమ నొప్పికి ఉద్యోగం మానేస్తే, రేపు తలనొప్పి వస్తే మొగుణ్ణి మానేస్తావేమే?” అని రాశావు. బస్సులో చదివి పైకే నవ్వాను. పక్కామె ఎగాదిగా చూసింది. రాజీనామా ఇచ్చేముందు ఇంకొక్కరికి చూపించమని ఒట్టు పెట్టావు కదా. చూపించాను.

ఆనేకల్‌లో చైత్ర అని ఫిజియోథెరపిస్టు. ముప్పై లోపే ఉంటుంది. ఎక్స్‌రే కవరు ఇస్తే తెరవకుండా పక్కన పెట్టింది. కాగితం మీద ఇరవైనాలుగు గళ్లు గీసింది.

“మొదట మీ దినం చెప్పండక్కా. ఏ గంటలో మీ కాలి కింద ఏముంటాది?”

నేను చెప్పులు చూపించాను. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మంచివే వేసుకుంటాం కదా. మెత్తటివి, నిరుడు కొన్నవి.

“శానా బాగుండాయి. రోజుకు ఎంతసేపు వేసుకుంటారు?”

“బస్సుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు.”

“అంటే?”

“గంటన్నర.”

“మిగతా ఇరవై రెండున్నర గంటలు?”

అప్పుడు ఆలోచించాను. ఇంట్లో వట్టికాళ్లు, గ్రానైట్ నేల. కంపెనీలో గేటు దగ్గరే సొంత చెప్పులు విప్పి, వాళ్లిచ్చే నీలం చెప్పులు వేసుకోవాలి. మన ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు బోర్డులను పాడు చేయకుండా ఆ నియమం. ఆ చెప్పులు గేటు దాటి బయటికి రావు. కాబట్టి ఏ డాక్టరూ వాటిని చూడలేదు. నేనూ చెప్పలేదు. ముగ్గురికీ నేను చూపించింది గంటన్నర చెప్పులు. ఎనిమిది గంటలు నిలబడే చెప్పుల మాట ఒక్కరికీ చెప్పలేదు. ఇతరుల తప్పులు పట్టడమే ఉద్యోగమైన దాన్ని.

చైత్ర నా కాలి బొటనవేలిని వెనక్కి వంచి, మడమ లోపలి అంచున వేలితో నొక్కింది. సరిగ్గా నొప్పి మీదే పడింది వేలు. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి ఉంటుందట, దెబ్బతిన్నది అదేనట. చివరికి ఎక్స్‌రే తీసి చూసింది. “ఈ ముల్లు నొప్పి లేనోళ్లకు కూడా ఉంటాదక్కా. దీన్ని చూసి బెదరొద్దు.”

వైద్యం ఇది. మెట్టు అంచున నిలబడి, కాలి వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మూడు అంకెలకు మడమ ఎత్తి, రెండు ఆగి, మూడుకు దించాలి. దినం మార్చి దినం. పిక్కలు, అరికాలు రోజూ సాగదీయాలి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి.

“ఎన్నాళ్లకు తగ్గుతుంది?” అన్నాను.

“పన్నెండు వారాలు పట్టొచ్చు. నాలుగైదు వారాలప్పుడు ఏమీ తేడా లేదని నన్ను తిట్టుకుంటారు. తిట్టుకుంటానే చేయండి.”

నాకు ఆమె మీద గురి కుదిరింది అక్కడే. తగ్గిపోతుందని భరోసా ఇచ్చినవాళ్లను చూశాను. ఎప్పటిదాకా తగ్గదో ముందే చెప్పిన మనిషి ఈమె ఒక్కతే.

నీలం చెప్పులు చూడాలంది. బయటికి తేకూడదన్నాను. “అయితే మీరే కొలుచుకొని రండి, మీ పని అదే కదా” అంది. మర్నాడు భోజనం వేళ, బోర్డుల మందం చూసే వెర్నియర్ కొలబద్దతో కొలిచాను. కొత్త జత మడమ కింద పన్నెండు మిల్లీమీటర్లు. నాది ఎడమ ఏడు, కుడి నాలుగున్నర.

ఇంట్లో చెప్పులు వేసుకోవాలంటే చెప్పక తప్పలేదు. మునీంద్ర “ఎనిమిది నెలలా?” అని మాత్రం అన్నాడు. ఇప్పుడు నేను మెట్టు మీద నిలబడితే అంకెలు ఆయనే లెక్కపెడుతున్నాడు. రాజీనామా సంగతి చెప్పలేదు. జూన్ దాకా ఇవ్వను.

రంజిత


చందాపుర,
జూన్ 28

అక్కా,

ముందు నొప్పి సంగతి. మార్చిలో పదికి ఎనిమిది. ఐదో వారంలో ఏడు. ఆ వారం చైత్రను నిజంగానే తిట్టుకున్నాను, ఆమెకు చెప్పాను కూడా. “లేటయింది, నాలుగో వారమే తిడతారనుకొంటి” అని నవ్వింది. ఇప్పుడు రెండు. సున్నా కాలేదు. పొద్దున గోడ పట్టుకోవడం లేదు.

రెండో సంగతి. మే నెలలో ఒకరోజు చెప్పులు మళ్లీ కొలుస్తుంటే పక్క టేబుల్ పుష్పావతి చూసింది. “ఏమే రంజితా, చెప్పుకు పెళ్లిచూపులా?” అంది. సంగతి చెప్పాను. నవ్వడం ఆపింది. తన చెప్పు విప్పి నా ముందు పెట్టింది. ఐదు మిల్లీమీటర్లు.

“పొద్దున లేస్తానే నీకూ పొడుస్తాదా?” అని మెల్లగా అడిగింది. ఆమెకు రెండేళ్లుగా ఉందట.

లైనులో పద్నాలుగు మందిమి. వారం రోజుల్లో అందరివీ కొలిచాను. తొమ్మిది జతల్లో కనీసం ఒక చెప్పు ఆరు మిల్లీమీటర్ల లోపే. ఆ తొమ్మిది మందిలో ఏడుగురికి మడమ నొప్పి. ఎవరికి వాళ్లు తమకొక్కరికే అనుకుని దాచుకున్నారు.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. లోపమున్న బోర్డుకు ఎర్ర ట్యాగు కట్టి ఫారం నింపుతాం. దానికి నంబరు పడుతుంది. మేనేజరు ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఏ బోర్డుకైనా నేను చేసే పనే చేశాను. తొమ్మిది జతల చెప్పులకు ట్యాగులు కట్టి, కొలతల పట్టీ జతచేసి, ఫారం తీసుకుని మేనేజరు అశోక్‌కుమార్ గారి దగ్గరికి వెళ్లాను. వెళ్లేముందు ఫారంలో పేరు నాదొక్కటే రాయబోతే పుష్పావతి పెన్ను లాక్కుని తన పేరూ రాసింది. తర్వాత మిగతా ఐదుగురూ రాశారు.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది బోర్డులకు వాడే ఫారం కదమ్మా?”

“భాగం పేరు అని ఉంది సార్. బోర్డు అని లేదు.”

“ఇదేం లోపం?”

“కొలత తప్పింది సార్.”

“నంబరు పడిపోయిందా?” అన్నాడు.

“పడింది సార్.”

“అయితే ఏడు దినాల్లో నేను జవాబియ్యాల” అని ఫారం తీసుకున్నాడు. చెప్పినట్టే జవాబు ఇచ్చాడు. మడమ కింద మందంగా ఉండే కొత్త చెప్పులు వచ్చాయి. టేబుళ్ల కింద రబ్బరు పట్టలు పరిచారు. రెండు గంటలకోసారి పది నిమిషాలు కూర్చోవచ్చు. ఎవరినీ ప్యాకింగుకు పంపలేదు. చైత్ర ఒక ఆదివారం మిగతా ఆరుగురినీ రమ్మని, ఒక్కొక్కరికీ విడివిడిగా ఇరవైనాలుగు గళ్లు గీసింది.

రాజీనామా చింపేశాను. చింపేముందు మునీంద్రకు చూపించాను.

నిన్న ఆ ఫారం మూశారు. మూసేముందు చివరి గడి ఒకటి నింపాలి. అది లోపం పట్టినవాళ్లే రాయాలి. మూల కారణం అని ఉంటుంది. “చెప్పులు అరిగిపోయినాయి అని రాసేయమ్మా” అన్నాడు అశోక్‌కుమార్ గారు. అరగడం లోపం సార్, కారణం వేరే అన్నాను. ఇలా రాశాను: “నొప్పి ఉందని ఎవరూ చెప్పలేదు. తనిఖీ చేసిన ఉద్యోగి కూడా చెప్పలేదు.”

కింద సంతకం పెట్టి తేదీ వేశాను.

నీ
రంజిత