వాకిట్లో గుడ్డు

తమ్ముడు ఒచాన్‌కు,

కిందటి వారం ఒక పొద్దున నేను జొన్నలు విసురుతున్నాను, కోళ్లు నా కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. తలెత్తేసరికి వాకిట్లో మన లాన్యెరో నిలబడి ఉంది. తిరుగుబాటువాళ్లు ఎత్తుకుపోయిన చెల్లి, దేవుని దయవల్ల, ప్రాణాలతో వచ్చింది.

బాబాయి ఆచారంగా దాని ముందు గుడ్డు పెట్టి, "తొక్కి లోపలికి రా తల్లీ, అడవి పీడ అక్కడే వదిలిపోతుంది" అన్నాడు.

"నేను దేన్నీ తొక్కను బాబాయ్. అడవిలో వాళ్లు నాచేత మనుషుల్నే తొక్కించారు" అంది.

"తుపాకీ మోసినదానికి గుడ్డంటే భయమట!" అంది పిన్ని.

తొక్కందే ఇంట్లోకి రానివ్వనన్నాడు బాబాయి. అప్పటినుంచి అది వాకిలి బయట చెట్టుకింద పడుకుంటోంది. వానలు మొదలయ్యాయి.

ఈ సాయంత్రం ప్రార్థన అయ్యాక పిన్నే నోరు విప్పింది. "యుద్ధంలో మనం తలదాచుకున్న శిబిరంలో చచ్చినవాళ్లు నా కలల్లోకీ వస్తున్నారు. పీడ మనందరికీ ఉంది. నా గుడ్డు నేను తొక్కుతాను, దాన్ని మాత్రం బలవంతపెట్టొద్దు." బాబాయి సరేనన్నాడు.

ఆదివారం మేమందరం వాకిలి బయటికి వెళ్లి, ఎవరి గుడ్డు వాళ్లం తొక్కి లోపలికి వస్తాం. లాన్యెరో ఏమీ తొక్కనక్కర్లేదు, దాని చెయ్యి పట్టుకుని తీసుకొస్తాం.

సైన్యం వదిలాక నువ్వూ ఇంటి గడప తొక్కలేదు. ఎందుకని మేమెవ్వరం అడగం. నీకూ ఒక గుడ్డు ఉంచాలని అనుకున్నాం.

మీ అక్క