సేటు పార్ట్‌నర్

మావా,

నీ సంవత్సరీకం పెట్టిన వారానికే నీ కేసు కోర్టుకొచ్చింది. బోటులో వల లాగే మిషన్ నీ చెయ్యి నలిపేసింది, ఆ పుండే నీ ప్రాణం తీసింది. ఆస్పత్రికి బోటు ఓనరు సేటు ఒక్కసారీ రాలేదు.

ఈరోజు మాత్రం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "ఆడు నా కూలోడు కాదు సాబ్, పార్ట్‌నర్. పడిన చేపలో ఆడికీ వాటా ఉండీది" అన్నాడు. పనివాడివి కాకపోతే వైద్యం ఖర్చూ రాదట, పరిహారమూ రాదట. మన జంగ్లీఘాట్ రేవు బోట్లలో ఎవరికి జీతమిస్తారు మావా? అందరికీ వాటాయే కదా!

మన తరఫున ఉచితంగా వాదించే వకీలు దీదీ లేచింది.

"మీ పార్ట్‌నర్ ఇంటిపేరు చెప్పండి సేట్‌జీ."

ఇన్నేళ్లూ నిన్ను "ఒరేయ్" అనే పిలిచిన మనిషి, అందించమన్నట్టు నా వైపు చూశాడు.

నేను చెప్పలేదు మావా. చూస్తే చూడనీ.