తప్పు మొదట చూసింది అక్కే

నాయనకు చిన్నమ్మి సుజాత నమస్కారాలు. నేను పూనాలో బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ వేళకు తింటోందా? ఫోనులో అక్క పేరెత్తితే చాలు, కట్ చేస్తున్నావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు కదా, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వాన వదలడం లేదు. ఉతికిన బట్టలు ఆరవు, గదిలో నిలవబుద్ధి కాదు. మెస్సులో పొద్దస్తమానం రొట్టెలే. అమ్మ రోట్లో నూరే ఊరుబిండి పచ్చడి లేక అన్నం సహించడం లేదు, ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మను ఒక డబ్బా పంపమను. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు. నా బెంగంతా అక్క గురించే.

ఆ తిరుచానూరు పెళ్లి ఫోటోలు పోయినప్పటి నుంచి నాకు కుదురు లేదు. కెమెరా కార్డులోని ఫోటోలు మన స్టూడియో కంప్యూటర్లోకి ఎక్కించి, అది 'అయిపోయింది' అని చూపించాకే అక్క కార్డు తుడిచింది. తీరా తెరిస్తే సగం ఫోటోలు ఖాళీ. "నేను సరిగ్గానే ఎక్కించినాను నాయనా, దీంట్లోనే ఏందో ఉండాది" అని అక్క మొత్తుకుంటే, "మిషను యాడన్నా అబద్దం సెప్తాదా? నీ సెయ్యే తప్పు సేసింది" అన్నావు. పెళ్లివాళ్లు నీ స్నేహితులు, వాళ్ల ముందు తలెత్తుకోలేకపోయావు, నిజమే. అందుకని స్టూడియో తాళంచెవి లాక్కోవాలా? ఇప్పుడు అక్క తిరుపతిలో ఎవరిదో జెరాక్స్ అంగడిలో నిలబడుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మిషను అబద్ధం చెప్పింది నాయనా. మన కంప్యూటర్‌ను నడిపేది ఉచితంగా దొరికే సిస్టమ్. దాని గుండెకాయ లాంటి కెర్నల్ కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. "ఆ పొద్దు డిస్కు నిండబోతా ఉండె" అని అక్క అన్న ఒక్క మాట పట్టుకుని, ఆఫీసులో కోడ్ రాసే పని అయ్యాక రోజూ దీని మీదే కూర్చున్నాను. నిండబోయే డిస్కులోకి నేనూ ఫోటోలు ఎక్కించి చూశాను. ఫైళ్లను దాచే భాగంలో తప్పు దొరికింది. జాగా అయిపోయినా ఆ సంగతి పైకి చెప్పకుండా, అంతా రాసేశానంటోంది. జాగా లేకపోతే లేదని చెప్పేలా రెండు లైన్లు రాసి పంపాను. జవాబు వచ్చేదాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఆ ఫోటోలు ఇక రావు, దానికి నేనూ ఏమీ చేయలేను. ఇంకొకరివి మాత్రం ఇలా పోవు.

నిన్న జవాబొచ్చింది. ఆ భాగం చూసుకునే పెద్దాయనది ఏ దేశమో కూడా నాకు తెలియదు. దిద్దుబాటు సరిగ్గా ఉందన్నారు. వాళ్లకో ఆచారం ఉంది. దిద్దినవాళ్ల పేరు కిందే తప్పును మొదట చూసినవాళ్ల పేరూ రాస్తారు, ప్రపంచంలో ఎవరైనా చదవచ్చు. కానీ ఆ మనిషిని అడగకుండా పేరు పెట్టరు. "మొదట ఎవరు చూశారు? వారిని అడిగి పేరు పంపండి" అని రాశారు.

అక్కకు ఫోను చేస్తే నాకు నిమిషం పని. చేయను. నువ్వే తిరుపతి బస్సెక్కి, ఆ అంగడికి వెళ్లి, "నీ పేరు రాయొచ్చా అమ్మా" అని అడుగు. నువ్వు అడిగేదాకా నేను పేరు పంపను. ఇక్కడ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు, ఆలస్యం చేయొద్దు.

అమ్మకు, పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. కోపమొస్తే తిట్టు, దీవించడం మాత్రం మానవద్దు. అక్క ఏమందో నీ నోటితోనే వినాలి.

నీ చిన్నమ్మి,
సుజాత