మేము విడిపోలేదని కోర్టు చెప్పింది

పుంగనూరు,
జూన్ 9.

మదనపల్లె ఆడిటరమ్మ నీరజ గారికి,

పాల కేంద్రం అంజినప్ప నమస్కరించి రాసేది. నా రిటర్ను కాగితాలు వస్తాయని కవరు విప్పితే ‘ఇటీవలి పన్ను తీర్పులు’ అనే మీ పుస్తకం ఉంది. మూడో పేజీలో మా ఇంటి సంగతి అచ్చయి ఉంది.

ఎవరో అన్నదమ్ములు పదేళ్ల కిందట నోటిమాటతో విడిపోయారట. అలాంటి పంపకం చెల్లదనీ, కుటుంబం ఇంకా ఉమ్మడిగానే ఉన్నట్టనీ హైకోర్టు చెప్పిందట.

నేనూ, తమ్ముడు మునిచంద్రా విడిపోయిందీ పదేళ్ల కిందటే. బోరు మోటారు వంతుల దగ్గర మాటా మాటా పెరిగింది. పొద్దున గొడవ మొదలైతే మధ్యాహ్నానికి పంపకం అయిపోయింది. వాకిట్లో అడ్డంగా గోడ లేచింది. వాడు కుప్పం వెళ్లి కూరగాయల మండీ పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి పలకరింపు లేదు. ఇది మా ఊళ్లో అందరికీ తెలుసు గానీ, హైకోర్టు దాకా మోసిందెవరు? నా భార్య బయ్యమ్మకు పక్కింటి అంకమ్మ మీద అనుమానం.

మేము విడిపోయినట్టా, విడిపోనట్టా?

ఇట్లు,
అంజినప్ప

తా.క.: ఫోను చేయకండి. నోటిమాట చెల్లదని మీ పుస్తకమే చెప్పింది.

*

మదనపల్లె,
జూన్ 14.

అంజినప్ప గారికి నమస్కారం.

పొరపాటు మాదే. ఆ పత్రిక ఆడిటర్ల కోసం నేను నెలనెలా రాసేది. మా ఆఫీసులో రోజా కవర్లు మార్చేసింది. అందులోని అన్నదమ్ములు మీరు కాదు, ఎవరో బట్టల వ్యాపారులు.

ఉమ్మడిగా పన్ను కట్టే కుటుంబం, ఆస్తిని కొలిచి పంచుకోకుండా ఊరికే విడిపోయామంటే పన్ను శాఖ ఒప్పుకోదు. ఆ ఇంటినంతా ఒకే మనిషిలా చూస్తుంది. ఇంటి పెద్దవాడిని కర్త అంటుంది. అందరి తరఫునా సంతకం ఆయనదే. తీర్పులో ఉన్నది ఇంతే. మీరు కంగారు పడకండి.

భవదీయురాలు,
నీరజ

తా.క.: మీ కాగితాలు కుప్పంలో ఒక ఆడిటరు గారికి వెళ్లాయి. కొత్త తీర్పు అనుకుని ఆయన మీ పాల రసీదులు రెండుసార్లు చదివారట. వెన్న శాతం దగ్గర ఏదో సందేహం అడుగుతున్నారు.

*

పుంగనూరు,
జూన్ 23.

నీరజమ్మ గారికి కర్త అంజినప్ప రాసేది.

‘కర్త’ అన్న మాట చదివి వినిపించానో లేదో, బయ్యమ్మ శోకం అందుకుంది. “ఎవురు పోయినారప్పా? నాకు యాల చెప్పకుండా ఉండావు?” అని. కర్మ చేసే కర్త కాదు, కోర్టు కర్త అని ఊరడించేసరికి కుప్పం బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు పట్టుకున్నాను.

వాళ్లు బట్టల వ్యాపారులని రాశారు. బట్టలవాళ్లకొక చట్టం, పాలవాళ్లకొక చట్టం ఉంటుందా?

మండీ ముందు చాలాసేపు నిలబడి టమాటా బుట్టలు చూశాను. తమ్ముడికి జుట్టంతా నెరిసిపోయింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

“యాడికొచ్చినావు?” అన్నాడు.

“కోర్టు పని మీద. మనం ఇడిపోలేదంట.”

“పదేండ్లుగా మాటల్లేకుండా ఉండామే. అదంతా?”

“కొట్టేసినారు.”

నేను చేతికిచ్చిన మీ పత్రికను వాడు అటూ ఇటూ తిప్పాడు. ముఖం దాని వెనక పెట్టుకుని ఆ మూడో పేజీనే చాలాసేపు చదివాడు. “కోర్టే చెప్పినాక మనమేం చేస్తాం. ఉండు, షట్టరు దించి వస్తాండాను” అన్నాడు.

ఇప్పుడు భార్యతో సహా ఇక్కడే ఉన్నాడు. నిన్న ఇద్దరం కలిసి గోడ సగం పడగొట్టాం. శనివారం పన్ను ఆఫీసుకు పోయి, ఇన్నేళ్లు విడిగా ఉన్నందుకు క్షమాపణ పత్రం ఇచ్చి వస్తాం.

ఇట్లు,
అంజినప్ప, కర్త

తా.క.: వంటిల్లు కూడా ఒకటే కావాలని తీర్పులో ఉందా, ఉంటే స్టే తెచ్చుకోవచ్చా అని మరదలు అమరావతి అడగమంది. బయ్యమ్మ కూడా అదే అడగమంది, రహస్యంగా.

*

మదనపల్లె,
జూన్ 26. స్పీడు పోస్టు.

అంజినప్ప గారూ,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు మీరు పన్ను ఆఫీసుకు వెళ్లకండి! అక్కడ క్షమాపణలు తీసుకునే కౌంటరు లేదు. లేని తలనొప్పి కొని తెచ్చుకుంటారు.

ఆ తీర్పు పన్ను లెక్క వరకే. అన్నదమ్ములు కలిసి బతకాలని ఏ కోర్టూ చెప్పలేదు. మీ కుటుంబం ఏనాడూ ఉమ్మడిగా పన్ను కట్టలేదు కాబట్టి ఆ తీర్పుకూ మీకూ సంబంధమే లేదు. మీ తమ్ముడు గారు నిశ్చింతగా కుప్పం వెళ్లిపోవచ్చు. మిగిలిన సగం గోడ ఉంచుకోవచ్చు. ఇంతకన్నా విడమరచి రాయడం నాకు చేతకాదు.

నమస్కారాలతో,
నీరజ

తా.క.: వంటిళ్ల జోలికి వెళ్లే ధైర్యం ఏ కోర్టుకూ లేదు. ఇద్దరికీ చెప్పండి.

*

పుంగనూరు,
జూలై 1.

చిరంజీవి నీరజమ్మకు అంజినప్ప ఆశీస్సులు.

శుక్రవారం మీ ఉత్తరం వచ్చేసరికి నేను కేంద్రంలో పాలు కొలుస్తున్నాను. తమ్ముడే కవరు చించి, నేను ఇంటికి రాగానే వాకిట్లో అందరి ముందూ గట్టిగా చదివాడు.

“తీర్పు ఖాయం. అప్పీలు లేదు. అన్నదమ్ములు కలిసే ఉండాల. పన్ను ఆపీసుకు మాత్రం పోవద్దండి. మిగిలిన గోడ కూడా తీసేయండి.”

మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఏమైందిరా అంటే, “ఈయమ్మ రాత అర్థమయ్యి సావడంలేదు” అన్నాడు.

సాయంత్రం వాడు స్నానానికి పోయినప్పుడు చొక్కా జేబులోంచి ఉత్తరం తీసి నేనూ చదువుకున్నాను. మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఎలా ఉన్నదాన్ని అలాగే మడిచి జేబులో పెట్టేశాను. గడ్డపార తీసుకుని వాకిట్లోకి వెళ్లాను.

ఇట్లు,
అంజినప్ప

తా.క.: ఆదివారం భోజనానికి రండి. వాడు చదివిందే మీరు రాశారు. అడిగితే అలాగే చెప్పండి.